మూడో నంబరు బొటనవేలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు జూన్‌లో నాకు డెప్యుటేషన్ ఉత్తర్వు వచ్చింది. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు, మూడు ప్రభుత్వ ఆసుపత్రులకు. సోమ, మంగళవారాలు జనగామ. బుధ, గురువారాలు మహబూబాబాద్. శుక్ర, శనివారాలు భూపాలపల్లి. ఈ మూడు ఊళ్ల మధ్య ఒక మనిషి ఎట్లా తిరుగుతాడన్నది ఉత్తర్వు రాసినవారికి పట్టలేదు. జనగామ నుంచి మహబూబాబాద్‌కు రైలుంది, కానీ చాలాసార్లు కాజీపేటలో దిగి ఇంకో బండి కోసం చూడాలి. భూపాలపల్లికి అదీ లేదు. హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడినుంచి పరకాల మీదుగా ఇంకొకటి, దానికి ముందూ వెనకా బొగ్గు లారీలు. పదవీ విరమణ దాకా అట్లాగే తిరిగాను. ఇక్కడ రాస్తున్నది ఆ తిరుగుడులో మొదటి ఏడాది, మహబూబాబాద్‌లో, ఒక బొటనవేలి విషయంలో జరిగిన సంగతి.

బయటివారికి ఫిజియోథెరపిస్టు అంటే మాలిష్ చేసేవాడు. జనగామలో ఒక పెద్దమనిషి నా గదిలోకి వచ్చి, అంగీ విప్పి, వెంట తెచ్చుకున్న నూనె సీసా బల్ల మీద పెట్టి, "నడుము జర గట్టిగ పట్టు" అన్నాడు. అంగీ తొడుక్కోమని ఆయనకు మర్యాదగా చెప్పడానికి నాకు చాలా నిగ్రహం అవసరమైంది. నిజానికి మా పనిలో సగం కొలవడమే. ఏ కండరంలో ఎంత బలం ఉన్నదో చేతితో పరీక్షించి ఒక అంకె వేస్తాం. మేము గ్రేడ్ అంటాం, రోగులు నంబరు అంటారు. కండరం అసలు కదలకపోతే సున్నా. చర్మం కింద చిన్న అదురు తెలిస్తే ఒకటి. బరువు లేకుండా పక్కకు జరపగలిగితే రెండు. తన బరువును తాను ఎత్తగలిగితే మూడు. ఎత్తి, మా ఒత్తిడికి కొంత ఆగితే నాలుగు. పూర్తిగా ఆగితే అయిదు.

చేతివేళ్ల పరీక్ష వీటిలో కష్టమైనది, ఎందుకంటే వేళ్లు మోసం చేస్తాయి. ఒక కండరం పడిపోతే పక్క కండరం ఆ పనిని దొంగచాటుగా చేసిపెడుతుంది. వేళ్ల మధ్య అట్టముక్క పెట్టి లాగి చూడాలి. ఒక్కొక్క కణుపును విడిగా పట్టుకుని వంచమనాలి. బొటనవేలికైతే అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టించి, వేలును నిటారుగా ఇంటికప్పు వైపు ఎత్తమనాలి. అప్పుడు బొటనవేలి మొదటి కణుపు మీద మన వేలితో అరచేతి వైపు నొక్కాలి. "పడనియ్యకు" అని చెప్పాలి. నొక్కిన వేలికి ఎంత ఎదురు తగిలిందో అదే గ్రేడు. అప్పట్లో మా దగ్గర దీనికి యంత్రం ఏదీ లేదు. పరీక్షించే చెయ్యే తక్కెడ.

ఆ మూడు చోట్లా నాకు అప్పగించిన పాత చార్టులు చూసినప్పుడు తల పట్టుకున్నాను. వరుసగా అయిదు, అయిదు, అయిదు. కొన్నింటిలో మొదటి గడిలో అయిదు వేసి కింద అంతా గీత లాగారు. ఒక చార్టులో, యంత్రంలో పడి తెగిపోయిన చూపుడువేలికి కూడా అయిదు వేశారు. లేని వేలికి నిండు బలం! ఆ చార్టు రాసిన మనిషిని పిలిచి అడిగితే, "మిగతాయి మంచిగున్నయి గద సార్" అన్నాడు. ఆ రోజు నుంచి ముఖ్యమైన గ్రేడ్లన్నీ నా చేతితోనే తీయాలని నియమం పెట్టుకున్నాను.

నా చేతిని అంతగా నమ్మడానికి కారణం చెప్పాలి. మాది నెల్లికుదురు వైపు దేశ్‌ముఖుల కుటుంబం. మా తాత మాట ఇరవై ఊళ్లలో చెల్లేది. మా నాన్న కాలానికి అందులో మిగిలినవి ఒక కుర్చీ, ఒక గోడ గడియారం, తల వంచకూడదన్న అలవాటు. నేను చదువుకుని ఈ పనిలోకి వచ్చాను. భూమి పోయింది, కానీ నా చేతిలో ఉన్న విద్య ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ తీసుకోగలిగింది కాదు. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏ రోజూ డ్యూటీకి పోలేదు. రోగుల దగ్గర చాయ్ కూడా తాగలేదు. మా వైపు ఊళ్ల నుంచి వచ్చినవారు కొందరు నన్ను దొర అనేవారు. ఆ పిలుపును నేను కోరలేదు. దిద్దనూ లేదు.

రాజమల్లు ఆ ఊళ్లలోని వాడే. నాకంటే రెండేళ్లు చిన్న. కులవృత్తి మంగలి పని, దానితోపాటు పెళ్లిళ్లకు సన్నాయి. క్షౌరం పని కొడుకు చూసుకుంటుంటే తాను సన్నాయితోనే బతుకుతున్నాడు. ఆ వేసవిలో గాలిదుమారం లేచి ఇంటి రేకు ఎగిరిపోబోతుంటే పట్టుకున్నాడు. రేకు అంచు ఎడమ మణికట్టును కోసింది. బొటనవేలిని ఎత్తే నరం తెగింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి నరం అతికారు. అతికిన నరం రోజుకు వెంట్రుకవాసి పెరుగుతూ కండరాన్ని చేరాలి. చేరిందో లేదో కొలిచి చెప్పడం మా వంతు.

వారానికోసారి వ్యాయామం చేయించే బాధ్యత మా యూనిట్‌లోని కాంట్రాక్టు ఫిజియోథెరపిస్టు నస్రీన్‌ది. మహబూబాబాద్ పట్టణంలోనే పుట్టి పెరిగిన మనిషి. పదేళ్ల అనుభవం, చురుకైన చెయ్యి, చురుకైన నోరు. నెలకొకసారి గ్రేడు తీయడం నా పని. దసరా నాటికి ఒకటి వచ్చింది. చలికాలం మొదట్లో రెండు. సంవత్సరం మారేసరికి మూడు. అక్కడ ఆగిపోయింది. జనవరిలో మూడు, ఫిబ్రవరిలో మూడు, మార్చిలో మూడు. బొటనవేలు చక్కగా లేస్తుంది. నా వేలు ఇట్లా ఆనిస్తే అట్లా ఒరిగిపోతుంది.

ఫిబ్రవరిలో నేను భూపాలపల్లి శిబిరంలో ఉండి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాను. ఈలోగా నస్రీన్ తానే పరీక్షించి చార్టులో నాలుగు వేసింది. నేను వచ్చి చూశాను. మూడు. ఆమె అంకెను ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన మూడు వేసి సంతకం చేశాను. మణికట్టు కొంచెం వంగినప్పుడు ముంజేతి కండరం బొటనవేలిని పక్కకు లాగుతుందనీ, అనుభవం లేనివారు దాన్ని బలమని పొరబడతారనీ ఆమెకు వివరించాను. ఆమె అంతా విని, "సరే సార్, గానీ నా దగ్గర ఎదురు గట్టిగనే పడుతుండు" అంది. పట్టినట్టు కనిపిస్తుంది, అదే మోసం అన్నాను.

బొటనవేలి మొదట్లో ఎండిపోయిన కండ మళ్లీ నిండుతున్నదని నేనే వ్యాఖ్యల గడిలో రాశాను. కండ నిండితే బలం రావాలి. వచ్చిన కండకూ రాని బలానికీ పొత్తు కుదరడం లేదని నాకు తట్టాల్సింది. తట్టలేదు.

మూడు నెలలు ఒకే అంకె ఉంటే మేము సర్జన్‌కు రాయాలి. రాశాను. హైదరాబాద్ సర్జన్ నా చార్టు చూసి, ఉంగరంవేలిని వంచే రెండు నరాల్లో ఒకదాన్ని (ఇక్కడ జనం స్నాయువును నరమే అంటారు) తీసి బొటనవేలికి కలుపుతానని, ఉగాది తర్వాత వారంలో పంపమని కబురు చేశాడు. మంచి శస్త్రచికిత్సే. కానీ దానికి ఖర్చయ్యేది ఒక బాగున్న వేలి బలం. కూలి పనివాడికి అది పెద్ద నష్టం కాదు. సన్నాయి వాడికి ఉంగరంవేలంటే ఒక రంధ్రం, రంధ్రమంటే ఒక స్వరం.

ఈ సంగతి చెప్పినప్పుడు రాజమల్లు తల ఊపి, "మీరు చెప్పినంక ఇంకేముంది దొరా" అన్నాడు. అతని భార్య కొమురవ్వ ఒప్పుకోలేదు. ఆమె మాట్లాడితే గది అవతల వరండాకు వినిపిస్తుంది.

"ఇంకేముంది అంటవేంది? ఉంగరం ఏలు వాయె అంటే బొక్క ఏంతోని మూస్తవు, నా తలకాయతోనా?"

"నువ్వు సప్పుడు జేయకు. దొర అన్నీ సూసే చెప్తడు."

"ఏం సూసిండు? ఇంట్ల చెంబు లేపుతడు, గొళ్లెం తీస్తడు. ఈడికొస్తే మూడు నంబరంట. ఇస్కూలు పోరడు నయం, ఏడాదికో తరగతి ఎక్కుతడు!"

చెంబు ఎత్తడం వేరు, కండరం గ్రేడు వేరు అని నేను కొంత కటువుగానే చెప్పాను. చెంబును ఇతర కండరాలు కలిసి ఎత్తగలవు. ఇది శాస్త్రంలో తప్పు లేని మాట. ఆ రోజు నేను చెప్పిన ప్రతి మాటా శాస్త్రంలో తప్పు లేనిదే, అదే నాకు ఇప్పటికీ చిరాకు.

ఉగాదికి ముందు బుధవారం చివరి చార్టు రాయడానికి వాళ్లను రమ్మన్నాను. నేను కుర్చీలో కూర్చోకముందే నస్రీన్ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"సార్, మీ మూడు నంబరు బొటనవేలు ఆదివారం మా గల్లీ పెండ్లిల గంటసేపు సన్నాయి పట్టింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పుడేంది సార్, నేనే నిలవడి చూసిన. నన్ను చూసి డోలు ఎనక దాక్కున్నడు. సన్నాయి దాచిండు గానీ సప్పుడు యాడ దాస్తడు?"

నాలుగో గ్రేడు వచ్చేదాకా సన్నాయి ముట్టవద్దని నేను అతనికి గట్టిగా చెప్పి ఉన్నాను. నాకు కోపం వచ్చింది. మాట వినలేదని అతని మీద, అది పట్టుకొచ్చి నాకు చెబుతున్నదని ఈమె మీద. అయినా, సన్నాయి పట్టుకోవడానికి బొటనవేలు లోపలికి నొక్కితే చాలు, ఆ కండరానికి వేరే నరం ఉంది, అది తెగలేదు అని మళ్లీ వివరణ మొదలుపెట్టాను.

నస్రీన్ పూర్తిగా విననివ్వలేదు. "సార్, ఒక్కసారి మీరు పరదా ఎనక నిలవడుండ్రి. నేను చూస్త. మీ కండ్ల ముంగటనే చూస్త. మూడే వస్తే ఇగ నేను నోరిప్పను."

నా సొంత గదిలో నేను పరదా వెనక నిలబడాలట. కుదరదన్నాను. కానీ ఉగాది వారం రోజుల్లో ఉంది. హైదరాబాద్‌లో మంచం ఖాయమైంది. ఒకసారి కోశాక వేలును తిరిగి తెచ్చి ఇవ్వలేం. పరదా వెనకకు పోయాను. దానికీ గోడకూ మధ్య నా భుజం సరిగ్గా పట్టలేదు. ఆకుపచ్చ గుడ్డ చట్రాన్ని వదిలిన చోట ఒక సందు ఉంది. అందులోంచి బల్ల, దాని మీద చెయ్యి కనబడుతున్నాయి.

రాజమల్లు వచ్చి కూర్చున్నాడు, కొమురవ్వ పక్కన నిలబడింది. మొదట అడిగింది, "దొర ఎటువాయె?"

"బైటికి పోయిండు. చెయ్యి పెట్టు అన్నా. వేలు లేపు."

"ఎంతసేపట్ల వస్తడు?"

"నీకు వేలు గావాల్నా, దొర గావాల్నా? లేపు జల్దీ. ఇగ నేను నొక్కుత, పడనియ్యకు."

ఆమె నొక్కింది. మణికట్టును ఇంకో చేత్తో బల్లకు అదిమి పట్టింది, నేను చెప్పిన మోసానికి తావు లేకుండా. బొటనవేలు కదల్లేదు. ఆమె వేలి గోరు తెల్లబడింది. ఇంకొంచెం నొక్కింది. అప్పుడు నెమ్మదిగా, సగం దాకా వంగి ఆగింది.

"గింతేనా బిడ్డా?" అన్నాడు రాజమల్లు నవ్వుతూ. "పొద్దుగాల బువ్వ తినలేదా ఏంది?"

అనుమానం లేని నాలుగు. నేను బయటికి వచ్చాను. నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు. కూర్చోమని, అదే చెయ్యి, అదే బల్ల, అదే తీరుగా మణికట్టును అదిమి, వేలు ఎత్తమని నొక్కాను. బొటనవేలు వాడిన కాడలాగా వంగిపోయింది.

"ఇప్పుడే ఆపావు కదా! నా దగ్గరికొచ్చేసరికి ఏమైంది?"

"నేనేం జేస్తలేను దొరా. అదే పోతది."

మళ్లీ నొక్కాను. మళ్లీ పోయింది. నాలుగోసారికి నా గొంతు వరండాలోకి వినబడి ఉంటుంది, నర్సు ఒకామె తొంగి చూసి వెళ్లింది. అప్పుడు నస్రీన్ మెల్లగా, "సార్, కుడి చెయ్యి చూడుండ్రి" అంది.

కుడి చేతికి దెబ్బ లేదు. ఏ నరమూ తెగలేదు. చార్టులో దాని గడిలో మొదటి రోజు నుంచీ అయిదు ఉంది. కుడి బొటనవేలు ఎత్తమని నొక్కాను. అది కూడా అట్లాగే, ఏ ఎదురూ లేకుండా, నా వేలి కింద పడిపోయింది.

ఏ పాఠ్యపుస్తకంలోనైనా మొదటి నియమం ఇదే: ముందు బాగున్న చెయ్యి పరీక్షించు, తర్వాత దెబ్బ తగిలిన చెయ్యి. విద్యార్థులకు నేనే చెప్పేవాణ్ణి. రాజమల్లు కుడి చేతిని నేను ఒక్కసారి కూడా ముట్టలేదు. బాగానే ఉంది కదా అని అయిదు వేశాను. ఆ అయిదు నా చేతిరాతే.

ఎందుకు ఎదురు పట్టడం లేదని అడిగాను. ఈసారి అరవలేదు. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మా నాయిన మీ తాతకు గోర్లు తీసేది దొరా. నన్ను పక్కన కూసోవెట్టుకుని నేర్పిండు. దొర చెయ్యి ఎటు జరిగితే మన చెయ్యి అటే జరగాలె. ఎదురు పట్టొద్దు. పడితే కత్తి దిగి రక్తమొస్తది. ఒక్కసారి నేను గట్టిగ పట్టిన. మా నాయిన ఆన్నే చెంప మీద ఒక్కటి ఇచ్చిండు. మీ చెయ్యి గూడ మీ తాత చెయ్యి లెక్కనే ఉంటది. మీరు ముట్టంగనే ఇది మెత్తవడ్తది. నేను జేసేదేం లేదు."

"గీ ముచ్చట మొదటి నెలనే చెప్తే నీ సొమ్మేం పోయేది?" అంది కొమురవ్వ.

"అడిగిండ్రా?"

నేను మా తాత చేతులను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. నాకు గుర్తున్నది ఆయన కుర్చీ మాత్రమే. ఆయన గోళ్లు ఎవరు తీశారన్నది నేను ఎప్పుడూ ఆలోచించిన విషయం కాదు.

చివరికి ఒక మాట అన్నాను, నా జీవితంలో అంతకుముందు అనని మాట. "రాజమల్లూ, నేను దొరను కాను. జీతానికి పనిచేసేవాణ్ణి. నా వేలిని ఎదిరించు."

"అట్లంటే ఎట్ల దొరా?" అన్నాడు అతను, నిజంగా నొచ్చుకుని. అయినా ప్రయత్నించాడు. నుదుట చెమట పట్టింది, దవడ బిగుసుకుంది, భుజం దాకా కండరాలు లేచాయి. బొటనవేలు మాత్రం పడిపోయింది. కొమురవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నస్రీన్ కిటికీ వైపు తిరిగింది. నవ్వినవాళ్లను తప్పుపట్టలేను.

ఆ మధ్యాహ్నమే సర్జన్‌కు ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నాను. ఆయన పొడిగా, "మూడు నెలలు మూడు రాసింది మీరే కదా?" అన్నాడు. నేనే అన్నాను. రాతపూర్వకంగా కారణం పంపమన్నాడు. మా వృత్తిలో ఇట్లాంటప్పుడు వాడే వాక్యం ఒకటి సిద్ధంగా ఉంటుంది: రోగి సహకరించలేదు. అదే రాశాను. చదివితే అబద్ధమని తెలుస్తూనే ఉంది. రాజమల్లు సహకరించినంతగా నాకు ఏ రోగీ సహకరించలేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. కాగితం చింపేశాను. పర్యవేక్షక అధికారి చూసి, సాంకేతిక కారణాలు అని రాసెయ్యండి, ఎందుకు తలనొప్పి అన్నాడు. అదీ రాయలేదు. పరీక్షించిన వ్యక్తి పట్ల రోగికి బాల్యం నుంచి ఉన్న అలవాటు వల్ల గ్రేడు తక్కువగా వచ్చిందనీ, బాగున్న చేతిని నేను పరీక్షించకుండానే అయిదు వేశాననీ, ఫిబ్రవరిలో సహోద్యోగిని వేసిన నాలుగు సరైనదనీ, దాన్ని కొట్టివేయడం నా తప్పనీ నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశాను. నలభై నిమిషాలు పట్టింది. తర్వాత చార్టు తెప్పించి, నా ఎర్ర సిరా మూడును కొట్టేసి, నస్రీన్ చేతనే మళ్లీ నాలుగు వేయించాను. ఆమె వేసి, పక్కన సంతకం చేసింది.

ఆ వేసవి పెళ్లిళ్లకు రాజమల్లు అన్ని వేళ్లతోనూ సన్నాయి వాయించాడు. నేను వినలేదు, నస్రీన్ చెప్పింది.

కండరం బలం కొలవడం నేర్చుకుంటున్నవారికి ఈ సంఘటన నుంచి చెప్పగలిగింది ఇంతే. చేత్తో తీసిన గ్రేడులో రెండు చేతులు ఉంటాయి, చార్టులో ఒక్కదాని పేరే ఉంటుంది. పరీక్షించినవారి పేరు కూడా రాయండి. ఆపరేషన్‌కు ఆధారమైన ఏ అంకెనైనా, మీకంటే చిన్న హోదా ఉన్న ఇంకొకరి చేత, మీరు గదిలో లేనప్పుడు, మరోసారి తీయించండి. రెండు అంకెలు కలవకపోతే ముందు మీదాన్ని అనుమానించండి. నెల్లికుదురు వైపు నుంచి వచ్చినవారి చేతులను ఆ తర్వాత నేను పరీక్షించలేదు. వాళ్లను నస్రీన్ బల్లకు పంపాను.